వెనక గదికి మంచి ఫేజు

మా ఇంట్లో ఇంటర్నెట్ ముందు గదిలో పుట్టి ముందు గదిలోనే చచ్చిపోయేది. జహీరాబాద్‌లో పాత ఇళ్లు చాలావరకు ఎర్రరాయితో కట్టినవే. మా గోడలు మూరెడు మందం. ఎండాకాలం చల్లగా ఉంటాయని వచ్చిన చుట్టాలంతా మెచ్చుకుంటారు గానీ, లోపల ఫోనెత్తి మాట్లాడితే సగం మాట గోడలోనే ఉండిపోతుంది. నెట్టు పెట్టడానికి వచ్చినతను ముందు గదిలో బాక్సు బిగించి, లోపలికి పది అడుగులు నడిచి, తన ఫోను చూసుకుని, "గింతే వస్తది మేడం, గోడలు గట్టియి" అని చేతులు దులుపుకుని పోయాడు.

నాకేమో వెనక గదిలోనే కావాలి. నేను లెక్కల టీచర్ని. పంతొమ్మిదేళ్లు ఒకే ప్రైవేటు స్కూల్లో పాఠం చెప్పాను. పోయిన ఏడాది ఆ స్కూలు మూసేశారు. నలభై ఏడేళ్ల మనిషిని కొత్తగా ఎవరు తీసుకుంటారు? కాళ్లరిగేలా తిరిగితే వెళ్లిన చోటల్లా "చూస్తం మేడం" అన్నారు, ఎవరూ చూడలేదు. చివరికి ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పించే ఒక కంపెనీ వాళ్లు, ఒక నెల పెట్టుకుని చూస్తామన్నారు. సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా ఎనిమిది మంది ఐదో తరగతి పిల్లలు. షరతు ఒక్కటే. ఆ నెలలో మూడు క్లాసులు మధ్యలో తెగిపోతే, తర్వాత మళ్లీ కలిపినా సరే, ఇంటికి పంపేస్తారు. నేను ఉన్నదే ఇంట్లో, ఇంకెక్కడికి పంపుతారని నవ్వొచ్చింది గానీ, నవ్వే ఓపిక లేకపోయింది.

ముందు గదిలో కూర్చుని చెప్పొచ్చు కదా అని మీరనొచ్చు. మా ముందు గది రోడ్డు మీదికే ఉంటుంది. లారీల హారన్లు, ఆటోలు, చెరుకు ట్రాక్టర్లు, అన్నీ నేరుగా మంచం మీదికి వస్తాయి. ఆ మంచం మీద మా ఆయన పడుకుంటాడు. ఆయనకు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు. మధ్యాహ్నం పడుకుంటే సాయంత్రం ఆరింటికి గానీ లేవడు. హారన్లకు లేవని మనిషి, నేను భిన్నాలు చెప్పడం మొదలుపెడితే మాత్రం లేచి కూర్చుంటాడు. అందుకని వెనక గదే నాకు దిక్కు.

గోడకు తూటు పెట్టి వైరు లాగిద్దామంటే మా మామ ఒప్పుకోలేదు. "రాయికి తూటు వెడితే పర్రె వాస్తది బిడ్డా" అన్నాడు, గోడ పగులుతుందని. ఆయన మాట మీద ఇంకెవరూ మాట్లాడరు, ఎందుకంటే ఈ ఇంటి ప్రతి గోడా, ప్రతి వైరూ ఆయనకు తెలుసు. కరెంటు డిపార్ట్‌మెంటులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. మొగుడంపల్లి వైపూ రాయికోడ్ వైపూ వానలో స్తంభాలెక్కిన మనిషి. ఇప్పుడు డెబ్బై నాలుగేళ్లు. ఈ రోజుకీ అంగీ జేబులో టెస్టర్ పెట్టుకుంటాడు. పెళ్లిళ్లకు పోయినా అది జేబులో ఉండాల్సిందే.

బజార్లో ఎలక్ట్రికల్ షాపతను నా మొర విని రెండు చిన్న డబ్బాలు చేతిలో పెట్టాడు. చూడ్డానికి దోమల మందు మిషన్ల లాగా ఉన్నాయి. "ఇది ఒకటి నెట్టు బాక్సు పక్కన ప్లగ్గుల పెట్టున్రి మేడం. ఇంకోటి మీ ఎనక రూమ్ల ప్లగ్గుల పెట్టున్రి. గోడ లోపల ఉన్న కరెంటు వైరు మీదికెళ్లే నెట్టు పోతది. కొత్త వైరు అక్కర లేదు, తూటు అక్కర లేదు" అన్నాడు. ఎక్స్‌టెన్షన్ బాక్సులో మాత్రం పెట్టొద్దని, గోడ ప్లగ్గులోనే పెట్టాలని రెండుసార్లు చెప్పాడు.

ఇంటికి తెచ్చి మామకు చూపిస్తే డబ్బాలను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కరెంటు వైరు మీద కరెంటు పోతది. నెట్టు ఎట్ల పోతది? నలభై ఏండ్లు చేసిన నౌకరి, నాకు చెప్తున్నడా వాడు!"

"పోకుంటే వాపస్ ఇస్త మామా. జర చూడనియ్యిన్రి" అన్నాను.

పెట్టాను. రెండు డబ్బాల మీదా పచ్చ లైట్లు వెలిగాయి. వెనక గదిలో లాప్‌టాప్ తెరిస్తే వీడియో నీళ్లలా నడిచింది. మామ తలుపు దగ్గర నిలబడి చాలాసేపు చూశాడు. తర్వాత గోడ మీద చెయ్యి వేసి, లోపల వైరు పోయిన దారి వెంట వేలితో గీత గీసుకుంటూ ముందు గది దాకా నడిచాడు. ఈ ఇల్లు మా అత్త కాపురానికి వచ్చిన కొత్తలో కట్టింది. వైరింగు మొత్తం ఆయన చేత్తో చేసిందే.

"నేను గుంజిన వైరు" అన్నాడు వచ్చి. "నా వైరు మీద నీ క్లాసు పోతుంది బిడ్డా!"

ఆ రోజు నుంచీ గల్లీలో దొరికినవాళ్లందరికీ అదే చెప్పాడు. పాలు పోసే ఆమెకు చెప్పాడు, చాయ్ హోటల్లో చెప్పాడు. మా కోడలు ఎక్కడెక్కడి పిల్లలకో పాఠం చెప్తది, అది నేను వేసిన వైరు మీదనే పోతది అని. విని విని నాకు విసుగొచ్చింది.

మొదటి పది రోజులు ఏ అడ్డూ రాలేదు. పిల్లలు నాకు అలవాటయ్యారు, నేను వాళ్లకు అలవాటయ్యాను. తర్వాత ఎండలు ముదిరాయి. నాలుగు రోజులకొకసారి పొద్దున వచ్చే నల్లా నీళ్లు సాయంత్రం ఐదింటికి వదలడం మొదలుపెట్టారు.

ఆ శనివారం క్లాసు మొదలై ఇరవై నిమిషాలయింది. లైటు ఒక్కసారి కన్ను కొట్టింది. తెర మీద ఎనిమిది ముఖాలూ నోళ్లు తెరుచుకుని అట్లాగే ఆగిపోయాయి. డబ్బా మీద పచ్చ లైటు పోయి ఎర్ర లైటు వచ్చింది. పీకి మళ్లీ పెట్టాను. లాప్‌టాప్ మూసి తెరిచాను. ఫోనుతో నెట్టు పెడదామంటే ఆ గదిలో ఒక్క గీత సిగ్నల్. ఎంత కొట్టుకున్నా రాలేదు. ఆరు దాటాక చూస్తే మళ్లీ పచ్చ లైటు, ఏమీ తెలియనట్టు. కంపెనీ నుంచి మెసేజ్ వచ్చింది, ఒకటి అయిందని.

షాపతన్ని పట్టుకుని కడిగేశాను. పాపం పొద్దున వచ్చి అన్నీ చూశాడు. అంతా బాగానే ఉంది. ఫ్రిజ్ వల్ల కావొచ్చు, నీళ్ల మోటరు వల్ల కావొచ్చు, క్లాసు జరిగేటప్పుడు అవి బంద్ పెట్టండి అన్నాడు. ఫ్రిజ్ బంద్ పెట్టాను. మిక్సీ బంద్ పెట్టాను. నాలుగు రోజుల తర్వాత బుధవారం, మళ్లీ నల్లా వచ్చిన రోజే, మళ్లీ అదే తీరు. లైటు కన్ను కొట్టింది, పిల్లలు ఆగిపోయారు, ఎర్ర లైటు. ఈసారి కంపెనీ మేడమే ఫోన్ చేసింది. మర్యాదగా మాట్లాడింది. అంత మర్యాదగా మాట్లాడితేనే భయం వేస్తుంది. "ఇంకొక్కసారి అయితే నా చేతుల్లో ఏమీ ఉండదండీ" అంది.

ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. ఏం పాపం చేసుకున్నానో అనుకున్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని అందరూ అంటారు. నిజమే. కానీ కోపం చేసుకోవడానికి కూడా కొంత బలం కావాలి. ఆ వారం అది కూడా లేదు. నల్లా రోజే ఎందుకు పోతుందని ఆలోచించి, మన మోటరే కారణమని తేల్చుకున్నాను.

"మామా, నల్లా వచ్చినప్పుడు మన మోటర్ వెయ్యకున్రి. నా నౌకరి పోతది" అన్నాను.

"వెయ్య బిడ్డా, నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నాడు.

మోటరు వెయ్యకపోతే మా నల్లాలో నీళ్లు సన్నటి ధారగా వస్తాయి. బకెట్ నిండటానికి పావుగంట పడుతుంది. అవి మోసేది ఎవరని నేనడగలేదు.

మళ్లీ నల్లా వచ్చేది ఆదివారం. ఆ రోజు క్లాసు లేదు. అయినా ఐదింటికి వెనక గదిలో కూర్చుని, తలుపు వేసుకుని, ఒక పాఠం వీడియో పెట్టుకున్నాను. ఈరోజు ఏమవుతుందో చూడాలని. ఐదుంబావుకు గల్లీలో అందరి మోటర్లూ ఒక్కసారి మొదలయ్యాయి. వోల్టేజ్ పడింది. ఫ్యాను నీరసంగా తిరగడం మొదలుపెట్టింది. వీడియో మాత్రం నడుస్తూనే ఉంది. ఆశ పుట్టింది. ఇంతలో లైటు కన్ను కొట్టింది, వీడియో ఆగిపోయింది, ఫ్యాను జోరందుకుంది.

ఫ్యాను వైపు చూశాను. శనివారం కూడా ఇట్లాగే జోరందుకుంది. బుధవారం కూడా. అప్పుడు నా ప్రాణమంతా తెర మీద ఉండి పట్టించుకోలేదు. నెట్టు పోయినప్పుడల్లా నాకు గాలి బాగా వచ్చింది.

తలుపు తీసి బయటికొచ్చాను. వరండాలో మెయిన్ బోర్డు ముందు, చెక్క పీట మీద మా మామ నిలబడి ఉన్నాడు. ధోతి మోకాళ్ల దాకా తడిసి ఉంది. పక్కన రెండు బకెట్ల నీళ్లు. టవల్‌తో చేతులు పొడిగా తుడుచుకుని, ఆ టవల్ భుజాన వేసుకుని ఉన్నాడు. కుడి చెయ్యి ఫేజు తిప్పే బుడిపె మీద ఉంది.

ఇది కొంచెం చెప్పాలి. మా ఇంటికి మూడు ఫేజుల కరెంటు. ఒక ఫేజులో వోల్టేజ్ పడిపోతే ఇంకో ఫేజు మీదికి మార్చుకోవడానికి బోర్డు మీద తిప్పే బుడిపెలుంటాయి. మా ఊళ్లో చాలా ఇళ్లలో ఉన్నవే. మాకు రెండు, ఒకటి ముందు గదులకు, ఒకటి వెనక గదికి. ఈ కొత్త బల్బులు వోల్టేజ్ పడ్డా చెప్పవని, మామ వరండాలో ఒక పాత గుండు బల్బు పెట్టుకున్నాడు. అది వెనక గది లైను మీదిదే. సాయంత్రం దాని కింద కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. అది ఎర్రబడితే లేచి ఫేజు మారుస్తాడు. నేను ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ చూస్తున్నాను. చూసి చూసి, అది నా కంటికి ఆనడం మానేసింది.

"ఏం చేస్తున్రు మామా?" అన్నాను.

"ఓల్టేజ్ పడ్డది బిడ్డా. నీ రూముకు మంచి ఫేజు ఇచ్చిన. ముందట రూమ్ల మేము ఎట్లనన్న ఉంటం. ఇప్పుడు చూడు, ఫ్యాను ఎంత మంచిగ తిరుగుతదో!"

"శనారం గూడ తిప్పిన్రా?"

"తిప్పకుంటే? నీ క్లాసు నడుస్తుండె గదా. బుధారం గూడ తిప్పిన. నీళ్లు బందైనంక మల్ల ఎక్కడిది అక్కడ పెడుతున్న. లోడు అంత ఒక్క ఫేజు మీదనే ఉంచొద్దు."

అది డిపార్ట్‌మెంటు క్రమశిక్షణ. అందుకే ఆరు దాటాక అన్నీ సరిగ్గా ఉండేవి. అందుకే షాపతను పొద్దున వచ్చి చూస్తే ఏ తప్పూ దొరకలేదు. ఇన్ని రోజుల బరువు ఒక్కసారి నా నెత్తికెక్కింది.

"నా నోట్ల మట్టి కొట్టింది మీరా మామా!" అని అరిచాను. "మీరు తిప్పుతుంటెనే నా నెట్టు పోతుంది! రెండు క్లాసులు మీ వల్లనే పోయినయి! ఎవరు తిప్పమన్నరు? నౌకరి అయిపోయి ఎన్నేండ్లయింది, ఇంట్ల ఒక తాన కూసోరాదా? ఆ చెయ్యి జర ఊకుండదా?"

అన్న తర్వాత కూడా ఆగలేదు, ఇంకేవో అన్నాను. అవి గుర్తు తెచ్చుకోవడం నాకిష్టం లేదు.

ఆయన పీట దిగాడు. కోపం తెచ్చుకోలేదు. బోర్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. నేనింకా ఎట్లా చెప్పాలా అని చూస్తుంటే ఆయనకే అర్థమైపోయింది.

"ముందటి వైరు ఒక ఫేజు మీద ఉండె. ఎనక వైరును నేను ఇంకో ఫేజు మీదికి తిప్పిన. ఇగ ఆ వైరు మీదికెళ్లి ఈ వైరు మీదికి నెట్టు ఎట్ల దుంకుతది..." అన్నాడు మెల్లగా. "దారి నేనే తెంపిన. నేను గుంజిన వైరు, నాకే సమజ్ కాలె."

బుడిపెను మళ్లీ పాత చోటికి తిప్పాడు. బకెట్లు తీసుకుని లోపలికి పోయాడు. మర్నాడు పొద్దున ఊడుస్తుంటే గూట్లో టెస్టర్ కనిపించింది. ఆయన బజారుకు పోయాడు, ఖాళీ జేబుతో.

తప్పయిందని చెప్పాల్సింది. చెప్పలేదు. అలసిపోయిన మనిషికి క్షమాపణ కూడా ఒక పనిలాగే కనిపిస్తుంది, రేపు చూద్దాం అనిపిస్తుంది. పైగా ఇంకో పని చేశాను. దెబ్బలకు అంటించే తెల్ల ప్లాస్టర్ తెచ్చి, రెండు బుడిపెల మీదా అడ్డంగా నిలువుగా అంటించాను. మామ కుర్చీలో కూర్చుని చూస్తూనే ఉన్నాడు. తర్వాత కుర్చీని బోర్డుకు వీపు పెట్టి వేసుకున్నాడు.

గురువారం నల్లా రోజు. క్లాసు ఉంది. అది పోతే నాకు ఇంకేమీ లేదు. భిన్నాల కూడిక మొదలుపెట్టాను. ఐదుంబావుకు మోటర్ల మోత మొదలైంది, ఫ్యాను నీరసపడింది. నెత్తి మీంచి చెమట కారి కళ్లలో పడుతోంది. చీర వీపుకు అతుక్కుపోయింది. నేను పాఠం చెప్తూ, ఒక కన్ను ఫ్యాను మీదే ఉంచాను. అది నెమ్మదిగా తిరుగుతున్నంతసేపూ నా ఉద్యోగం ఉన్నట్టే. జోరందుకుంటే పోయినట్టే. "మేడం, మీకు జ్వరమా?" అని ఒక పిల్ల అడిగింది. లేదమ్మా, ఎండ, అన్నాను. ఐదున్నర అయింది. ముప్పావు అయింది. పిల్లలు ఒక్కొక్కరే బై చెప్పి పోయారు. గడియారంలో ఆరు దాటి రెండు నిమిషాలు.

క్లాసు నిలిచింది. మిగిలిన రోజులూ అట్లాగే గడిచి నెల నిండింది, ఉద్యోగమూ నిలిచింది. ఈ రోజుకీ ఆ గదిలోంచే చెప్తున్నాను. కానీ ఆ సాయంత్రం తలుపు తీసి బయటికి వచ్చినప్పుడు నాకు ఉద్యోగం గుర్తు లేదు.

మామ బోర్డు ముందు నిలబడి ఉన్నాడు. కుర్చీ ఖాళీగా ఉంది. పైన గుండు బల్బు ఎర్రగా, నిప్పుకణికలా ఉంది. అంగీ చెమటకు తడిసిపోయింది. ఎడమ చేత్తో కుడి మణికట్టును గట్టిగా పట్టుకుని, రెండు చేతులూ పొట్టకు అదిమిపెట్టుకుని ఉన్నాడు.

"ఎప్పటి సంది నిలవడ్డరు మామా?"

"నల్లా వచ్చిన కాడికెళ్లి."

"కుర్చీల కూసోవచ్చు గదా!"

"నీ మొగడు లేసి తిప్పుతడేమోనని. ఉక్కపోస్తుంది గదా వానికి" అన్నాడు. కొంచెం ఆగి, నా మొహం చూడకుండా అన్నాడు. "వాడు గూడ కాదులే బిడ్డా. బలుబు ఎర్రగైతే ఈ చెయ్యి దానంతట అదే లేస్తది. నువ్వు అడిగినవు గదా, జర ఊకుండదా అని. ఉండదు. అందుకే పట్టుకొని నిలవడ్డ."

నాకు సిగ్గేసింది. గంట సేపు గోడకు అవతల నేను భిన్నాలు చెప్తుంటే, ఈయన తన చేతిని తానే పట్టుకుని నిలబడ్డాడు. ఏదో ఒకటి చెప్పాలి. బోర్డు దగ్గరికి పోయి గోటితో ప్లాస్టర్ గీకాను. అది ఎండకు అంటుకుపోయి ముక్కలు ముక్కలుగా ఊడింది. లోపలికి పోయి గూట్లోంచి టెస్టర్ తెచ్చి ఆయన జేబులో పెట్టాను.

"తప్పైంది మామా. ఇప్పుడు తిప్పున్రి" అన్నాను.

"క్లాసు అయిపోయిందా?"

"అయిపోయింది."

"పక్కానా? మల్ల పిల్లలు వస్తరేమో చూడు."

"రారు మామా. అయిపోయింది."

ఆయన మణికట్టు వదిలాడు. టవల్‌కు చెయ్యి తుడుచుకుని, పీట ఎక్కి, బుడిపె తిప్పాడు. గుండు బల్బు భగ్గున తెల్లబడింది, వెనక గదిలో ఫ్యాను జోరందుకున్న చప్పుడు వినిపించింది. ఆ వెలుగులో ఆయన మణికట్టు చుట్టూ నాలుగు వేళ్ల గుర్తులు ఎర్రగా కనిపించాయి.